ఇసక కింది ఏరు – 14: ఒక తాడి పక్కకి

పోయిన వారం మీరు నన్ను గోతి గట్టు మీద వదిలేసి వెళ్ళిపోయారు. ఏమీ అనుకోను లెండి, నేనూ అక్కణ్ణించి కదల్లేదు.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున చినదిబ్బలపేట. ఊరి చుట్టూ ఇసకదిబ్బలు. ఆ దిబ్బల కింద, ఎన్ని వేల ఏళ్ళ కిందటో పూడిపోయిన ఒక ఏరు. పైకి చుక్క కనిపించదు గానీ కింద తియ్యటి నీరు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఊళ్ళో నాలుగు మంచినీళ్ళ నూతులూ దాని పుణ్యమే. ఆ ఏరు ఎటునించి ఎటు పోతోందో మ్యాపు గీయడమే నా పరిశోధన. నా పేరు విశాలి. మాది విజయనగరం, చదువు ఎచ్చెర్లలో. ఈలోగా ఒక రొయ్యల కంపెనీ వచ్చి, ఊరికి ఉత్తరాన ఉన్న సరుగుడు తోటలో ఉప్పునీటి చెరువులు తవ్వుతానంది. ఏటి నెత్తిన ఉప్పునీళ్ళు నిలబెడితే రెండేళ్ళలో నూతుల్లో నీళ్ళు నోట పెట్టలేం. నేను వెళ్ళి ఆర్డీవోగారి ముందు మ్యాపు పరిచాను. ఏరు సరిగ్గా ఆ ఉత్తరపు తోట కిందే ఉందని చూపించాను. కంపెనీ సణుక్కుంటూనే దక్షిణపు తోటకి జరిగింది. ఊళ్ళో డప్పులు కొట్టి నాకు శాలువా కప్పారు. నేను సిగ్గులేకుండా ఆ శాలువాతో ఫొటో దిగి మా నాన్నకి పంపించాను.

మొన్న శనివారం దక్షిణపు తోటలో జేసీబీ పరీక్ష కోసం మొదటి గొయ్యి తవ్వింది. పదహారు అడుగుల్లో నీళ్ళు ఉబికాయి. నా మ్యాపు ప్రకారం అక్కడ బంకమట్టి, దాని కింద ఉప్పునీరు ఉండాలి. దోసిలి పట్టి తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి.

అంటే ఏరు ఉత్తరాన లేదు, దక్షిణాన ఉంది. చెరువుల్ని తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టింది కంపెనీ కాదు, నేను. సోమవారం పదకొండింటికి ఊళ్ళోనే ఆర్డీవోగారి ఆఖరి విచారణ. ఆయన సంతకం పడిందంటే ఆ చెరువుల్ని ఆపడం ఇక ఎవరి తరమూ కాదు.

ఆదివారమంతా నా పుస్తకాలతో కుస్తీ పట్టాను. ఇసకలో ఇనుపకడ్డీలు గుచ్చి, వాటిలోకి కరెంటు పంపి, కింద తడి ఎక్కడుంది, ఉప్పు ఎక్కడుంది అని మూడేళ్ళుగా రాసుకున్న అంకెలు. దిబ్బల మీద తీసిన కొలతల్లో తప్పు దొరకలేదు. తప్పుంటే ఒక్కచోటే ఉండాలి. ఒడ్డు దగ్గర కిలోమీటరున్నర మేర తోటలకి కంచెలు వేసేసి నన్ను లోపలికి రానివ్వలేదు. అక్కడ కొలవకుండానే గీత గీశాను. గీతకి అవతలి కొస కావాలి కదా! ఈ ఏరు సముద్రం అడుగున కూడా కొంతదూరం పాకి, ఒకచోట పైకి ఊరుతుంది. ఆ చోటు తెలిసిన మనిషి ఈ తీరం మొత్తానికి ఒక్కడే. ఆ కొస నాకు ఇచ్చింది ఆయనే.

సోమవారం తెల్లారేసరికి నూకయ్య తాత వాకిట్లో నిలబడ్డాను.

డెబ్భై ఏళ్ళ మనిషి. కాలి బొటనవేలికి వల తగిలించుకుని చిరుగులు అల్లుతున్నాడు. చూపు వల మీద లేదు, ఎటో ఉంది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

“రా అమ్మా. టీ తాగుతావేటి?”

“టీ తరవాత, తాతా. ఆగస్టులో నువ్వు చెప్పిన ఆనవాలు పట్టుకుని పక్కింటి రాముడి పడవలో వెళ్ళాను, గుర్తుందా? కోవెల శిఖరం కొండ మీది నడిమి తాడిచెట్టు మీదకి రావాలన్నావు.”

“అన్నాను.”

“అది నిజమేనా?”

అల్లే చెయ్యి ఆగింది. సముద్రం మీద ఒక చోటు గుర్తుపెట్టుకోవాలంటే వీళ్ళు ఒడ్డు వైపు చూస్తారు. ముందున్న కోవెల, వెనకున్న చెట్టు ఒకే వరసలోకి వచ్చాయంటే అదే చోటు. పుస్తకం లేదు, యంత్రం లేదు. ఆ పద్ధతి చూసి నేను ఎంత మురిసిపోయానో! దాని మీద రెండు పేజీలు రాశాను కూడా.

“ఎవులైనా అడిగితే మేం అలగే సెప్తాం,” అన్నాడు నెమ్మదిగా.

“అలగే అంటే?”

“ఒక తాడి పక్కకి జరిపి.”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. “అబద్ధం చెప్పావా తాతా? నాకా? మూడేళ్ళుగా నీ ఇంట్లో తిన్నానే!”

“అబద్దమేటమ్మా, మర్యాద!” ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. “మాలో ఎవుడి ఆనవాలు ఆడిది. అడక్కూడదు. అడిగినోడి మొకం మీద సెప్పనని అనకూడదు. అందుకే ఒక తాడి జరిపి సెప్తాం. సెప్పినోడికీ తెలుసు, ఇన్నోడికీ తెలుసు. ఆడు అక్కడికెల్లి ఓపాలి వల ఏసి, నవ్వుకుని ఇంటికొచ్చీస్తాడు. నువ్వది నిజమనుకుని కాయితం మీద గీసీసినావని నాకేటి తెలుసు?”

“శాలువా కప్పిన రోజైనా చెప్పొచ్చు కదా!”

“నీకు మిషన్లున్నాయి, కడ్డీలున్నాయి. అవే సూపించినాయనుకున్నాను. నాలాటోడి మాట పట్టుకుని మేపు గీసేత్తారేటి సదువుకున్నోళ్ళు?”

చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే మిషను ఉంది. ఆ రోజు పడవలో ఉప్పు కొలిచే మీటరు నా చేతిలోనే ఉంది. అంకె కాస్త తగ్గింది. ఎంత తగ్గాలో అంత తగ్గలేదు. వానాకాలపు కెరటాలు కదా, పైనున్న ఉప్పునీళ్ళు కలిసి ఉంటాయి, పోనీలే అనుకున్నాను. నాకు ఆ గీత అలాగే కావాలి, అలాగే గీసుకున్నాను. మా ఇంట్లో నాన్న వయొలిన్ పాఠం చెప్పేటప్పుడు స్వరం వెంట్రుకవాసి తప్పితే కమాను వేళ్ళ మీద పడేది. ఆ ఇంట్లో పుట్టిన నేను చేసిన నిర్వాకం ఇది.

“సరే, నాదే తప్పు. ఇప్పుడు నిజం చోటు చెప్పు. పదకొండింటికి విచారణ.”

“సెప్పను.”

“తాతా, నూతులు పోతాయి!”

“అది మా తాత మా అయ్యకి సెప్పినాడు. మా అయ్య నాకు సెప్పినాడు. కొడుక్కే సెప్పాల. అదీ సముద్రం మీద, ఒడ్డు మీద కాదు.”

“ఆ కొడుకు ఎక్కడున్నాడయ్యా?”

ఈ మాట నాది కాదు, తులసిది. నూకయ్య కూతురు. తెల్లారగట్ల చేపలగంప ఎత్తుకుని బస్సెక్కే మనిషి, ఆ వార్డు మెంబరు కూడా. కంపెనీ మీద మొదట గొంతెత్తింది ఆవిడే. గుమ్మంలో నిలబడి అంతా వింది.

“నీ కొడుకు కంపెనీ జేసీబీ మీద కూకున్నాడు. మొన్న ఆ గొయ్యి తవ్వింది నీ ఎల్లాజీయే. వలలు అమ్మీసి ఎల్లిపోనాడని రెండేళ్ళ నుంచి ఆడితోటి మాటాడవు. మరి ఎవుడికి సెప్తావు ఆ సోటు? నీతోటి కాట్లోకి అట్టుకుపోతావేటి?”

“ఒసే, నోరు ముయ్యి.”

“మూయను! ఏటి సేసినావో తెలస్తందా నీకు? రేపు నూతిలో నీళ్ళు ఉప్పయిపోతే నా గుంట, నీ మనవరాలే, దాహమంటాది. అప్పుడు నీ ఆనవాలు గ్లాసులో పోసి ఇమ్మంటావేటి?” ఆవిడ ఒక అడుగు ముందుకి వేసింది. “మేం ఆడోళ్ళం ఎన్ని మైళ్ళు మోయాలయ్యా బిందెలు?”

 నూకయ్య కాలికున్న వల తీసేసి, గోడ పట్టుకుని లేచాడు.

“ఇంజన్లో ఆయిలు పొయ్యి. ఈ అమ్మొక్కర్తే రావాల. నువ్వొద్దు.”

ఒడ్డున ఉన్నవాళ్ళూ వీళ్ళూ కలిసి పడవని నీళ్ళలోకి నెట్టారు. ఏడున్నర అయింది. తాత వెనక చుక్కాని దగ్గర కూర్చున్నాడు, నేను ముందు. కెరటాలు దాటేదాకా ఆయన చేతుల్లో పడవ ఎంత చక్కగా నడిచిందంటే, నాకు ఏ అనుమానమూ రాలేదు.

కొంతదూరం పోయాక ఇంజను ఆపేశాడు.

“ఒట్టెయ్యి,” అన్నాడు. “ఈ ఆనవాలు నీ నోట రాకూడదు. ఈ సోటు అంకెలు కాయితం మీద ఎక్కకూడదు. గంగమ్మ మీద ఒట్టు.”

వేశాను. ఆలోచించానా? లేదు. ఒడ్డు మీద గీత సరిచేస్తాను, సముద్రంలో చుక్క పెట్టను, అంతే కదా అనుకున్నాను. టైము ఎనిమిది కావస్తోంది. ఆ నిమిషంలో ఏమడిగినా ఒప్పుకునేదాన్ని.

“ఇప్పుడు ఒడ్డు వైపు సూడు. కొండ మీద మూడు తాడిసెట్లు కనబడతన్నాయా?”

“కనబడుతున్నాయి.”

“కోవెల శిఖరం దేని మీదున్నాది?”

“ఎడమ చివరి తాడికి ఇంకా ఎడమ పక్కనే ఉంది. నువ్వే చూడొచ్చు కదా తాతా?”

“కనబడితే నిన్నెందుకు అడుగుతానమ్మా,” అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన ముఖం కొండ వైపు లేదు. ఎండ ఎటు వెచ్చగా తగులుతోందో అటు తిప్పుకుని కూర్చున్నాడు.

“హుద్‌హుద్ తుపాను ఎల్లిన ఏడాది నుంచీ ఇంతే. దగ్గరవి నీడల్లాగ తెలుస్తాయి. దూరానివి లేవు. ఒక్కడ్నే పెద్దాసుపత్రికెల్లి సూపించుకున్నాను. నరం పోయింది, ఇంక రాదన్నారు. తులసికి తెలీదు. సెప్పకు. కళ్ళు లేనోడికి చుక్కాని ఎవులిస్తారు?”

ఆగస్టులో మోకాళ్ళ నొప్పులని నాతో రాకుండా తప్పించుకున్నది ఇందుకన్నమాట. 

“మరి అప్పట్నించీ ఆ చోటుకి నువ్వు వెళ్ళనే లేదా?”

“ఎలగెల్తాను?”

“నీకు పనికిరాని చోటు ఎవరి కోసం దాచావు తాతా?”

చుక్కానిని చేత్తో నిమిరాడు. “ఆడు ఎప్పుడో ఓనాడు వస్తాడు కదా. వచ్చినోడికి ఇయ్యడానికి నా దగ్గర ఇంకేటున్నాదమ్మా? ఆ నీళ్ళ దగ్గర కోనాం చేప వస్తాది, మాగ వస్తాది. ఓ కుటుంబం బతుకుతాది దాని మీద. అది సూపిస్తే ఆడు ఆ జేసీబీ ఒగ్గేసి నా పడవ ఎక్కుతాడనుకున్నాను.”

 ఆయన ఇంజను తిప్పాడు.

ఆ తరవాత అరగంట నేను ఆయనకి కళ్ళు. పడవ దక్షిణానికి పోయే కొద్దీ శిఖరం కుడికి జరుగుతోంది. ఎడమ తాడి మీదకి వచ్చింది, దాటింది. నడిమి తాడి మీదకి వచ్చింది. అదే నా పాత చోటు, శాలువా చోటు. దాన్నీ దాటాం. ఇంకో అరమైలు పోయాక శిఖరం కుడి తాడి మీద నిలబడింది.

“వచ్చింది తాతా!”

“ఉత్తరాన ఐసు ఫేక్టరీ గొట్టం రాతి తిప్ప మీదకి రావాల. వచ్చిందా?”

“ఇంకొంచెం లోపలికి... చాలు, చాలు!”

సీసం గుళ్ళు కట్టిన ఒక సీసా తీశాడు. బిరడాకి వేరే తాడు. సీసా అడుగుకి దిగాక ఆ తాడు ఒక్క గుంజు గుంజితే బిరడా ఊడి అడుగు నీళ్ళు నిండుతాయి. నిండిందని తాడు బరువుని బట్టే తెలుసుకుని పైకి లాగాడు. ముందు తను నోట్లో పోసుకున్నాడు. తరవాత నాకు ఇచ్చాడు.

కాస్త చప్పగా ఉన్నాయి, అంతే. తాగొచ్చు. చుట్టూ సముద్రం, నా చేతిలో మంచినీళ్ళు! మీటరు ముంచాను. అంకె చూసి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను, ఎలాగూ ఆయనకి కనిపించదని. వినిపిస్తుందన్న సంగతి తట్టలేదు. ఆయన నా తల మీద చెయ్యి వేసి, “బేగి పద, పెద్దోళ్ళు వచ్చీసుంటారు,” అన్నాడు.

షామియానా కింద కూర్చోడానికి చోటు లేదు. చుట్టుపక్కల నాలుగు పేటల పడవలవాళ్ళూ వచ్చారు. ఆర్డీవోగారు బల్ల వెనక, ఆయన ముందు నా పాత మ్యాపు. పక్కనే కంపెనీ ఇంజనీరు జగన్నాధం, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. వెనకాల గుంజకి ఆనుకుని కంపెనీ టోపీతో ఎల్లాజీ నిలబడ్డాడు. తాత ముందు వరసలో, తులసి పక్కన కూర్చున్నాడు.

నేను లేచి చెప్పేశాను. “సార్, ఈ మ్యాపు తప్పు. తప్పు నాదే. ఏరు దక్షిణపు తోట కింద ఉంది. అక్కడ చెరువులకి అనుమతి ఇవ్వకండి.”

జనంలో గోల లేచింది. శాలువా కప్పిన పెద్దమనిషి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. జగన్నాధం మాత్రం నవ్వాడు.

“నాలుగు నెలల్లో రెండు మ్యాపులు. మూడోది ఎప్పుడిస్తారు మేడమ్? మేం అప్పటిదాకా తోట తోటకీ తిరుగుతూ ఉంటాం.” కొందరు నవ్వారు. ఆయన ఆర్డీవోగారి వైపు తిరిగాడు. “గోతిలో వాననీళ్ళు ఊరాయండి, అంతే. అంత నమ్మకంగా చెబుతున్నారు కదా, ఆధారం చూపించమనండి.”

“గీత మార్చడానికి ఆధారం ఏమిటమ్మా?” ఆర్డీవోగారు మర్యాదగానే అడిగారు.

“సముద్రంలో ఏరు ఊరే చోటు సార్. ఇవాళ పొద్దున్న కొలిచాను.”

“ఎక్కడ?”

నేను చేతిలో పుస్తకం మూసేశాను.

“అంకెలు ఇవ్వండి, రికార్డులో రాయిస్తాను. కావాలంటే ఇప్పుడే వెళ్ళి చూద్దాం.”

“అది... చెప్పలేను సార్. మాట ఇచ్చాను.”

ఈసారి నవ్వు పెద్దగానే వచ్చింది.  నాలుగు నూతులు ఒక పక్క, ఒక ముసలాయన చేతిలో వేసిన ఒట్టు ఒక పక్క. నోరు తెరిస్తే ఒకటి పోతుంది, మూస్తే రెండోది. ఆర్డీవోగారు నిట్టూర్చి కలం మూత తీశారు. తులసి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నోరు తెరిచాను, అబద్ధమాడను, ఒట్టు తీసి గట్టున పెడదామనే తెరిచాను.

“అమ్మని ఒగ్గీయండి బాబూ. నాను సెప్తాను.”

నూకయ్య తాత లేచి నిలబడ్డాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. అవసరం కూడా లేకపోయింది, షామియానా అంతా గప్‌చుప్ అయిపోయింది. ఆయన ఆనవాలు అంటే ఈ తీరంలో ఏమిటో అక్కడున్న ప్రతి మగవాడికీ తెలుసు. తాతల నాటి నుంచి అడిగి, ఒక తాడి జరిపిన మాట విని, నవ్వుకుని తిరిగొచ్చినవాళ్ళే అందరూ.

“కోవెల శిఖరం కొండ మీది కుడి తాడి మీదకి రావాల. ఉత్తరాన ఐసు ఫేక్టరీ గొట్టం రాతి తిప్ప మీదకి రావాల. ఆ రెండూ కలిసిన సోట అడుగున మంచినీళ్ళు. మా తాత కాడి నుంచీ ఉన్నాది. రాసుకోండి.”

ఒక్క తాడి కూడా జరపలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు.

ఆర్డీవోగారు కలం మూత పెట్టేశారు. “ఇవాళ సంతకం లేదు. నేనే వచ్చి ఆ నీళ్ళు చూస్తాను. పెద్దాయనా, మీ పడవలోనే వెళ్దాం, సిద్ధం చేయించండి.”

తులసి తండ్రి చెయ్యి పట్టుకుని భోరుమంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు వెనక కుర్చీ ఒకటి కిర్రుమంది. తరవాత ఇంకొకటి. తల తిప్పి చూద్దును కదా, పేటల కుర్రాళ్ళు ఒక్కొక్కరే లేచి, ఎవరి ముఖం ఎవరూ చూడకుండా బయటికి నడుస్తున్నారు. అందరూ ఒడ్డు వైపే. వాళ్ళ వలలు అక్కడే ఉన్నాయి, పడవలు అక్కడే ఉన్నాయి.

తాతకి అడుగుల చప్పుడు వినిపించింది. నా వైపు వంగాడు.

“ఎల్తన్నారా?”

“వెళ్తున్నారు తాతా.”

“ఎల్లనీ. సముద్రం నాదేటి.” ఒడ్డు వైపు చెవి పెట్టాడు. “ముందల నెగిసినోడెవుడమ్మా?”

గుంజ దగ్గర ఎవరూ లేరు. నేల మీద కంపెనీ టోపీ పడి ఉంది. ఈ మనిషితో ఇంకో అబద్ధం నా వల్ల కాలేదు.

“ఎల్లాజీ,” అన్నాను.

“ఆడికి పడవేదీ?” అన్నాడు తాత.

ఒడ్డున ఒక ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. ఆయన తల పైకెత్తి, ఆ చప్పుడు కెరటాలు దాటేదాకా విన్నాడు.

“అది నా పడవే,” అన్నాడు.